గడ్డం పట్టుకుంటే పంటి మాత్ర

"ఈ అబ్బాయికి మామ మీరేనా?" అని ఇన్‌స్పెక్టరమ్మ అడిగింది.

ఆవిడ అడిగింది ఆవిడ భాషలో. దాన్ని తెలుగులోకి దింపింది పక్కన కూర్చున్న దుబాసి. కూపీ మామయ్య ఛాతీ కొంచెం ముందుకు తోసి, "అవునండీ, నేనే. సొంత మేనమామని. వాళ్ళమ్మ నా తోడబుట్టింది" అన్నాడు గర్వంగా.

దుబాసి ఆ మాటను అటువైపు ఎత్తిపోశాడు. వెంటనే ఒక కానిస్టేబులు లేచి తలుపు మూశాడు. ఇంకొకడు గడియ పెట్టాడు.

కూపీ మామయ్య అసలు పేరు చుట్టాలకే సరిగ్గా గుర్తులేదు. ఇంటి దగ్గర ముప్ఫై ఏళ్ళుగా ప్రైవేటు డిటెక్టివ్. పనిలో ముప్పాతిక వంతు పెళ్ళి సంబంధాలే: కుర్రాడు తాగుతాడా, చెప్పిన ఉద్యోగం నిజంగా ఉందా, ఉంటే దాంట్లో కుర్రాడు ఉన్నాడా. కూపీ లాగీ లాగీ కూపీ అయ్యాడు. దేశంకాని దేశంలో డాక్టరు చదువుతున్న మేనల్లుణ్ణి పోలీసులు పట్టుకున్నారని చెల్లెలు ఫోన్లో ఏడిస్తే, దొరికిన విమానం ఎక్కి ఆ పొద్దున్నే దిగాడు. దిగినవాణ్ణి దిగినట్టే లోపలేస్తారని మాత్రం ఊహించలేదు.

"ఏమిటండీ ఇది?" అన్నాడు దుబాసితో.

"మీరే చేయించారనుకుంటున్నారు బావగారూ" అన్నాడు దుబాసి, పెళ్ళిలో విడిది ఎక్కడో చెప్పినంత తాపీగా. "మీరు వాడికి మామయ్య, నన్ను పిల్లలంతా బాబాయ్ అంటారు. ఆ లెక్కన మనిద్దరం బావలమే కదా."

ఈ బాబాయ్ కన్సల్టెన్సీ మనిషి. పిల్లల్ని అక్కడ ఎక్కించి, ఇక్కడ దించి, కాలేజీలో చేర్చి, వాళ్ళ అమ్మలు ఇచ్చిన పొట్లాలు మోసుకొచ్చి, అవసరం పడితే పోలీసులకు దుబాసిగా కూర్చుంటాడు. ఊళ్ళో రెండు భాషలూ వచ్చినవాడు తనొక్కడేనని పోలీసుల నమ్మకం. "నేనూ ఇక్కడే నాలుగేళ్ళు మెడిసిన్ చదివాను, పూర్తి చెయ్యలేదంతే. సగం డాక్టర్ని" అని పరిచయంలోనే చెప్పుకున్నాడు. సగం డాక్టరంటే రోగం దాకా వచ్చి వైద్యం దాకా రానివాడని కూపీ మామయ్య మనసులో రాసుకున్నాడు.

ఇన్‌స్పెక్టరమ్మ తన ముందున్న కంప్యూటర్ని ఇటు తిప్పింది. హాస్టల్ వరండాలో కెమెరా తీసిన ముక్క. తెల్లకోటు వేసుకున్న మేనల్లుడు మెట్ల మలుపు దగ్గర నిలబడి, కెమెరాకు ఆనని ఎవరితోనో అంటున్నాడు: "వాడికి మందు నేనే పోశాను మామా. రెండు మూతలు. నువ్వు చెప్పినట్టే. పడుకున్నాడు."

పడుకున్నవాడు మేనల్లుడి రూమ్మేటు. ఆ పడుకోవడం పడుకోవడం మూడ్రోజులుగా లేవలేదు. వాడి రక్తంలో ఏనుగుకు సరిపడా నిద్రమందు ఉందట. కాలేజీ ఆసుపత్రిలోనే, తను పాఠం నేర్చుకున్న మంచం మీదే, గొట్టంతో ఊపిరి తీస్తున్నాడు.

"మామా అన్నాడుగా. పోలీసులు మూడ్రోజుల్నుంచీ ఆ మామ కోసమే వెతుకుతున్నారు" అన్నాడు బాబాయ్. "ఇంతలో మీరే వచ్చి, నేనే మామని అన్నారు."

కూపీ మామయ్య రెండు చేతులతోనూ తల పట్టుకున్నాడు. "ఓరి నాయనోయ్! కుర్రాళ్ళు ఒకళ్ళనొకళ్ళు మామా అనుకుంటారండీ! మామ అంటే మామ కాదు. దోస్తు. ఆవిడకి చెప్పండి."

బాబాయ్ చెప్పాడు. ఇన్‌స్పెక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. కూపీ మామయ్య మళ్ళీ చెప్పాడు. బాబాయ్ మళ్ళీ చెప్పాడు. ఆవిడ మళ్ళీ ఊపింది. ప్రతిసారీ ఆవిడ నోటినుంచి ఒకే మాట వచ్చి అతని మొహాన పడుతోంది. అది ఆ భాషలో అమ్మ తోడబుట్టినవాడికి వాడే మాటని అర్థమైంది. ఆ పూటంతా చీవాట్లు తిని అతను నేర్చుకున్న పరభాష ఆ ఒక్క మాటే.

చివరికి పాస్‌పోర్టు మీద ఆ రోజు పొద్దుటి ముద్ర కాపాడింది. గడియ తీశారు. ఇన్‌స్పెక్టరమ్మ ముఖంలో మాత్రం, చేతికొచ్చిన చేప నీళ్ళలోకి జారిపోయిన దిగులు.

"ఇప్పుడు నా మాట వినండి బావగారూ" అన్నాడు బాబాయ్, ఒక కాగితం ముందుకు జరిపి. "తెలియక ఇచ్చాడు, తప్పయింది అని వాడు ఒప్పుకుని, పెద్దవాళ్ళుగా మీరు సంతకం పెడితే, సాయంత్రం ఫ్లైట్ ఎక్కించేస్తారు. జైలూ గియిలూ ఉండవు."

"చదువు?"

"పేరు కొట్టేస్తారు. అంతే."

అంతే! ఒక్క ఏడాది మిగిలిన చదువు. అయిదేళ్ళుగా చెల్లెలు వీధిలో ఎవరు పలకరించినా "మా డాక్టరు ఫోన్ చేశాడు, మా డాక్టరు చిక్కాడు" అంటూ వాడికి పట్టా ముందే ఇచ్చేసింది. ఇప్పుడు వాడు ఆ వీధిలో ఏ మొహంతో దిగుతాడు? అదీ ఎలాంటి పేరుతో? తోటివాడికి మందు పెట్టినవాడని!

"ముందు వాణ్ణి చూస్తాను" అన్నాడు కూపీ మామయ్య. "సంతకం నా చేత్తో పెట్టాల్సిందే కదా. చెయ్యి ఎక్కడికీ పోదు."

*

మేనల్లుణ్ణి తీసుకొచ్చి ఎదురుగా కూర్చోబెట్టారు. కళ్ళు లోపలికి పోయాయి. రూలు ప్రకారం ఇన్‌స్పెక్టరమ్మ ఒక పక్క, బాబాయ్ ఒక పక్క. కుర్రాడు అయిదేళ్ళుగా ఉంటున్నా పాఠాలన్నీ ఇంగ్లీషులోనే, ఆ ఇంగ్లీషేమో ఇన్‌స్పెక్టరమ్మకు రాదు. ఇక్కడి భాషలో వాడికి వచ్చిందల్లా ఆసుపత్రి వార్డులో పనికొచ్చేది: నొప్పి ఎక్కడ, ఎన్నాళ్ళనుంచి, ఊపిరి పీల్చు, వదులు. పోలీసుల దగ్గర అది ఏం పనికొస్తుంది?

"మందు ఎవరిచ్చార్రా?"

"మామ ఇచ్చాడు మామయ్యా."

"ఏ మామ?"

"మామే. సీనియరు."

"పేరు?"

"మామ అనే పిలుస్తాం."

"ఒరే, నీకు మామ నేను!"

"నువ్వు మామయ్యవి. వాడు మామ."

"ఈ కాలేజీలో ఎంతమందిరా మామలు?"

"అందరూ మామలే మామయ్యా."

"మరి అల్లుళ్ళెవర్రా?" అని అరిచి, ఊపిరి పీల్చి వదిలి, కూపీ మామయ్య గొంతు తగ్గించాడు. "నాన్నా, నీకు పుణ్యముంటుంది. ఆ మామని మిగతా మామల్లోంచి ఎలా విడదీస్తారో అది చెప్పు."

"గడ్డం మామ" అన్నాడు కుర్రాడు, చెయ్యి గడ్డం మీద పెట్టి కిందికి దువ్వి చూపిస్తూ. "పై అంతస్తు. మా వాడికి వాళ్ళమ్మ పంపిన పొట్లం గడ్డం మామే తెచ్చిచ్చాడు. అందులో దగ్గుమందు ఉంది, పడుకునే ముందు రెండు మూతలు పొయ్యమన్నాడు. వాడు వారంగా దగ్గుతున్నాడు మామయ్యా. దగ్గుతూ చదువుతున్నాడు. మర్నాడు డీన్‌ని కలవాలి వాడు."

"డీన్‌నా? ఎందుకు?"

కుర్రాడు బాబాయ్ వైపు ఒకసారి చూసి, కళ్ళు దించుకున్నాడు. "మా బ్యాచి నలభై మందినీ రెండో ఏడు బ్రాంచి కాలేజీకి మార్చారు. ఆ డిగ్రీ మన దగ్గర చెల్లదని వాడికి ఎక్కడో తెలిసింది. ఎవరు మార్చారో డీన్ ముందే తేలుస్తానన్నాడు."

"పుకార్లు" అన్నాడు బాబాయ్ నవ్వుతూ. "చదువుకునే పిల్లలు కదా, చదువు తప్ప అన్నీ నమ్ముతారు." అని ఇన్‌స్పెక్టరమ్మ వైపు తిరిగి అనువదించాడు. ఇంత పొడుగు మాట అటువైపు చేరేసరికి ఇంత చిన్నదైపోయింది. ఎండలో ఆరేసిన వడియంలా చిక్కిపోయింది.

ఇన్‌స్పెక్టరమ్మ జాలిగా కుర్రాడి గడ్డం వైపు చూసింది. కానిస్టేబులుకు ఏదో చెప్పింది. వాడు వెళ్ళి ఒక గ్లాసుడు మంచినీళ్ళు, ఒక మాత్ర తెచ్చి కుర్రాడి ముందు పెట్టాడు. తన దవడ పట్టుకుని, మొహం వంకరగా పెట్టి, వేసుకో అని సైగ చేశాడు.

"ఇదేమిట్రా?"

"ఏమో మామయ్యా. మొన్న కూడా ఇంతే. గడ్డం మామ అని చెప్పగానే పంటినొప్పి మాత్ర ఇచ్చారు. వీళ్ళకి ఇదేం రూలో!"

కూపీ మామయ్య ఆ మాత్రను చూశాడు. గ్లాసును చూశాడు. తర్వాత చాలా నెమ్మదిగా బాబాయ్‌ని చూశాడు.

గడ్డం పట్టుకుని కుర్రాడు మనిషిని చెబుతుంటే, దుబాసి పంటినొప్పి అని చెప్పాడు! ఒకసారి కాదు, రెండోసారి. కుర్రాడు మొదటి రోజే నిజం కక్కాడు. ఆ నిజం ఇతని నోట్లో పడి, నమిలి, మింగబడి, బయటికి మాత్రగా వచ్చింది. ఈ మూడ్రోజులూ అందరూ వంతెన అనుకున్నది వంచన. అనువాదం కాదు, అపవాదం.

తెలిసింది. తెలిసిందాన్ని ఇన్‌స్పెక్టరమ్మకు చెప్పాలంటే మళ్ళీ ఈ నోరే గతి. దొంగ దొరికాడు, కానీ దొంగ ద్వారానే ఫిర్యాదు ఇవ్వాలి. ముప్ఫై ఏళ్ళ వృత్తిలో ఇంత తలనొప్పి ఎప్పుడూ రాలేదు. ఒక్క క్షణం ఆ మాత్ర తనే వేసుకుందామా అనిపించింది.

"ఆ పొట్లం గడ్డంవాడికి ఎవరిచ్చార్రా?" అన్నాడు.

"టైమైపోయింది" అన్నాడు బాబాయ్, కుర్రాడు నోరు తెరవకముందే.

*

గది చూడకుండా సంతకం పెట్టనని కూపీ మామయ్య కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాడు. ఆ పట్టుదలకు మాత్రం అనువాదం అక్కర్లేకపోయింది. ఇన్‌స్పెక్టరమ్మ విసుక్కుంటూనే జీపు తీయించింది.

హాస్టల్ గదిలో రెండు మంచాలు, మధ్యలో ఒక బల్ల, బల్ల మీద ప్లాస్టిక్ పుర్రె. పుర్రె మీద ఎవరిదో టోపీ. మందు సీసా పోలీసులు ఎప్పుడో తీసుకుపోయారు. సీసా దొరికాక ఇంకేం కావాలని మిగతావి ముట్టుకోలేదు. కూపీ మామయ్య మోకాళ్ళ మీద కూలబడి రూమ్మేటు మంచం కిందికి దూరాడు. నడుము కలుక్కుమంది. బయటికొచ్చేసరికి చేతిలో ఒక గుడ్డ పొట్లం ఉంది.

ఇంటి దగ్గర తల్లులు కుట్టే పొట్లమే. తెల్లగుడ్డ చుట్టి, చుట్టూ కుట్టి, పైన మార్కరుతో కొడుకు పేరు. ఒక మూల కత్తెరతో కోసి ఉంది, కొడుకు తెరిచిన చోటు అది. మూడు వైపులా తెల్లదారంతో సన్నగా పరిగెత్తిన కుట్టు. తల్లి చెయ్యి. ఒక్క చోటా దారం తెగలేదు.

నాలుగో వైపు మాత్రం దారం నీలం. పైగా ఆ కుట్టు పరిగెత్తలేదు. ఒక కుట్టు, ఒక ముడి, దారం కత్తిరింపు. మళ్ళీ ఒక కుట్టు, ఒక ముడి, కత్తిరింపు. చివరిదాకా అంతే.

కూపీ మామయ్య తన చొక్కా ఎత్తి పొట్ట చూసుకున్నాడు. పోయినేడు అపెండిసైటిస్ ఆపరేషన్ చేసిన డాక్టరు వేసిన కుట్ల మచ్చలు వరసగా, విడివిడిగా ఉన్నాయి. పొట్లాన్నీ పొట్టనీ పక్కపక్కన పెట్టి పోల్చుకున్నాడు. ఇన్‌స్పెక్టరమ్మ మర్యాదగా మొహం అటు తిప్పుకుంది.

"ఇది అమ్మ కుట్టు కాదు, ఆసుపత్రి కుట్టు" అన్నాడు. "మధ్యలో ఎవరో విప్పి, సీసా మార్చి, మళ్ళీ కుట్టారు. కుట్టు వెనక కుట్ర ఉంది బావగారూ."

"హాస్టల్ నిండా డాక్టర్లే. అందరూ కుట్టేవాళ్ళే" అన్నాడు బాబాయ్. నవ్వు ఉంది, మెరుపు తగ్గింది. "మీ మేనల్లుడు కూడా."

"వాడు కుట్టేవాడైతే, పిల్లాడు పొట్లం పుచ్చుకున్నాక కుట్టాలి. పుచ్చుకున్నవాడు పై మూల కోసుకుని తెరిచాడు. అంటే చేతికొచ్చేటప్పటికే ఈ నీలం కుట్టు ఉంది. ఇక్కడికి రాకముందు ఈ పొట్లం ఎవరి దగ్గరుంది? అమ్మల పొట్లాలన్నీ మీ సూట్‌కేసులోనే వస్తాయట కదా?"

"ఇది నా ద్వారా రాలేదు."

"నాలుగేళ్ళు మెడిసిన్ చదివారు కదా, కుట్లు ఎన్నో ఏట నేర్పుతారు?"

"బావగారూ." బాబాయ్ గొంతులో తేనె అయిపోయింది. "మీరు తెలుగులో ఎంత గొప్పగా వాదించినా ఈవిడకి వినపడేది నా గొంతే. సంతకం పెట్టి పిల్లాణ్ణి తీసుకుపోండి. మీ చెల్లెలికి కొడుకైనా మిగులుతాడు."

"ఏమంటున్నారు?" అన్నట్టు ఇన్‌స్పెక్టరమ్మ కనుబొమలెగరేసింది. బాబాయ్ మళ్ళీ నవ్వు తగిలించుకుని ఏదో చెప్పాడు. ఆవిడ కూపీ మామయ్య భుజం తట్టి ఓదార్చింది! ఏం చెప్పాడో ఆ పరమాత్ముడికే తెలియాలి.

కూపీ మామయ్య ఒళ్ళు మండిపోయింది. సరే, మాటతో పని కానప్పుడు అరుపుతో చూద్దాం అనుకున్నాడు. ఇన్‌స్పెక్టరమ్మ చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చాడు. మధ్యలో నిలబెట్టాడు. గుండెల నిండా గాలి పీల్చి, ఇంటి దగ్గర వీధి చివర ఆటోని ఆపే గొంతుతో అరిచాడు.

"మామా!"

ఎడమ పక్క తలుపు తెరుచుకుంది. "ఏంటి మామా?"

కుడి పక్కది తెరుచుకుంది. "నన్నేనా మామా?"

ఆ పైన వరసగా తలుపులన్నీ. నోట్లో బ్రష్షుతో ఒక మామ, నడుముకు తువ్వాలుతో ఒక మామ, చంకలో మోకాలి ఎముక బొమ్మతో ఒక మామ, నిద్రకళ్ళతో గోడకు గుద్దుకున్న మామ. చందమామ ఒక్కడే తక్కువ. అందరికీ ఇరవయ్యేళ్ళు దాటీ దాటని వయసు.

కూపీ మామయ్య ఒక్కొక్కణ్ణీ వేలితో చూపిస్తూ, ఆ పొద్దుట్నుంచీ తన మొహాన పడ్డ ఆ ఒకే ఒక్క పరభాష మాటను పళ్ళు కొరుకుతూ పలికాడు. వీడు. వీడు. ఆ బ్రష్షువాడు. ఆ తువ్వాలువాడు. ఇప్పుడు వీళ్ళందర్నీ అరెస్టు చెయ్యమ్మా తల్లీ!

ఇన్‌స్పెక్టరమ్మ ఆ వరసను ఈ చివర్నుంచి ఆ చివరికి చూసింది. మూడ్రోజులుగా వెతుకుతున్న మామ వరండా నిండా నిలబడ్డాడు, అందులో ఒకడు తువ్వాలు సర్దుకుంటూ. ఆవిడ ముఖం మెల్లగా ఎరుపెక్కింది. దుబాసి వైపు తిరిగి, చాలా చిన్న ప్రశ్న ఒకటి వేసింది. బాబాయ్ చాలా పెద్ద జవాబు మొదలుపెట్టాడు. ఆ పొద్దుట్నుంచీ అతను అంత పొడుగ్గా మాట్లాడటం అదే మొదలు.

ఇదే అదనని కూపీ మామయ్య బ్రష్షువాణ్ణి పట్టుకున్నాడు. "బాబూ, మీలో గడ్డం మామ ఏడి? వాడి నోటి మాట లేకపోతే సాయంత్రానికి మావాడి పేరు కొట్టేస్తారు."

"పైన రూంలో ఉన్నాడండీ. ఇప్పుడే డ్యూటీ నుంచొచ్చాడు. వాడికి కూడా దగ్గు పట్టుకుంది."

"ఇంకెవరైనా వాణ్ణి కలిశారా?"

"లేదండీ. పొద్దున బాబాయ్ వచ్చాడంతే. వాళ్ళమ్మ పంపిందని మందు సీసా ఇచ్చి వెళ్ళాడు. డ్యూటీ అయ్యాక తాగి పడుకుంటానన్నాడు."

కూపీ మామయ్య బ్రష్షువాణ్ణి వదిలేశాడు. "తాగకూడదు! వాణ్ణి తాగనివ్వద్దు!" అని గావుకేక పెట్టి మెట్ల వైపు ఉరికాడు. ఉలిక్కిపడ్డ ఇన్‌స్పెక్టరమ్మ అలవాటు కొద్దీ బాబాయ్‌నే అడిగింది. బాబాయ్ రెండు ముక్కల్లో చెప్పాడు.

ఆవిడ ఎంతో మర్యాదగా వరండా చివర ఉన్న బాత్రూం వైపు చెయ్యి చూపించింది.

"అమ్మా! బాత్రూం కాదమ్మా!" కూపీ మామయ్య నెత్తి బాదుకున్నాడు. "ఒరే మామలూ! మీకొచ్చిన ముక్కలేవో మీరైనా చెప్పండ్రా ఈవిడకి!"

వాళ్ళకొచ్చిన ముక్కలు వార్డువే. ఎముకవాడు ముందు అందుకున్నాడు, తర్వాత అందరూ ఒక్కసారే ఆవిడ భాషలో అరిచారు. రోగి! పైన! ఊపిరి! తొందరగా! ఈసారి మధ్యలో ఏ దుబాసీ లేడు. ఇన్‌స్పెక్టరమ్మ పరిగెత్తింది.

వరండా మొత్తం ఆవిడ వెనకే మెట్లెక్కింది. ఆ గోలలో ఒక్క జత బూట్లు మాత్రం కిందికి దిగుతున్న చప్పుడు కూపీ మామయ్యకు స్పష్టంగా వినపడింది. వెనక్కి తిరగలేదు. బాబాయ్‌ని రేపైనా పట్టుకోవచ్చు. పొట్లం ఎవరిచ్చారో చెప్పగల నోరు పైనుంది.

పై అంతస్తు తలుపు లోపల్నుంచి గడియ పెట్టి ఉంది. కూపీ మామయ్య రెండు అరచేతులతోనూ బాదాడు.

"నాయనా! తలుపు తియ్యి! ఆ మందు తాగకు!"

లోపల్నుంచి దగ్గు వినిపించింది. పొడి దగ్గు, గుక్క తిప్పుకోలేని దగ్గు. జీవితంలో ఎప్పుడూ ఎవరి దగ్గూ అతని చెవులకు అంత కమ్మగా వినపడలేదు. హమ్మయ్య అని తలుపుకు నుదురు ఆనించాడు.

దగ్గు ఆగిపోయింది.